ఏ పాయింటు ఏ మండలంలో ఉంది? క్యూజీఐఎస్‌తో తేల్చే పద్ధతి

ఒక ఎక్సెల్ షీటులో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పేర్లు, వాటి అక్షాంశ రేఖాంశాలు ఉన్నాయి. మండలం కాలమ్ ఖాళీగా ఉంది, లేదా నలుగురు నాలుగు రకాలుగా రాసిన పేర్లతో నిండి ఉంది. ఇంకోపక్క మండలాల సరిహద్దుల ఫైలు ఉంది. ఏ కేంద్రం ఏ మండలంలోకి వస్తుందో ఈ రెంటినీ కలిపి తేల్చాలి. బడులైనా, రేషను దుకాణాలైనా, బోరు బావులైనా, ప్రమాదాలు జరిగిన చోట్లయినా పని ఇదే.

క్యూజీఐఎస్ మ్యాపుల పనికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో జత చేసే టూలు నిమిషంలో పని ముగిస్తుంది. అసలు శ్రమంతా దానికి ముందూ వెనకా ఉంటుంది. జత కాకుండా మిగిలిన పాయింట్లనూ, రెండు మండలాలకు జత అయిన పాయింట్లనూ ఒక్కొక్కటిగా చూడకుండా ఫలితాన్ని ఎవరికీ ఇవ్వకూడదు. డేటాలో తప్పులన్నీ దొరికేది అక్కడే.

ఈ వ్యాసంలో ఉదాహరణకు ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా ప్రాంతాన్ని తీసుకుంటున్నాం. నది, లంకలు, సముద్రం, మధ్యలో పుదుచ్చేరికి చెందిన యానాం, పైగా 2022లో జిల్లాల విభజన. ఈ పనిలో వచ్చే చిక్కులన్నీ ఇక్కడ ఒకేచోట ఎదురవుతాయి.

షీటును సిద్ధం చేయడం

మొదట ప్రతి వరుసకూ ఒక సీరియల్ నంబరు ఇవ్వండి. ఒకే పాయింటు రెండు వరుసలుగా మారిందా, ఏ వరుసైనా మాయమైందా అన్నది తర్వాత ఈ నంబరుతోనే పట్టుకుంటాం. ఇది లేకుండా మొదలుపెట్టొద్దు.

అక్షాంశం ఒక కాలమ్‌లో, రేఖాంశం ఇంకో కాలమ్‌లో, రెండూ దశాంశ డిగ్రీల్లో ఉండాలి. దశాంశ బిందువు తర్వాత ఎన్ని అంకెలున్నాయో చూడండి. అయిదు అంకెలుంటే ఒక మీటరు వరకు, నాలుగుంటే సుమారు 11 మీటర్ల వరకు, మూడుంటే 111 మీటర్ల వరకు తేడా తెలుస్తుంది. రెండే ఉంటే కిలోమీటరు పైచిలుకు తేడా వస్తుంది. అలాంటి పాయింటు మండలం అంచుకు దగ్గరగా ఉంటే దాని ఫలితాన్ని నమ్మలేం.

ఎక్కువగా కనిపించే తప్పు డిగ్రీలు, నిమిషాలను దశాంశాలుగా రాసేయడం. 17 డిగ్రీల 30 నిమిషాలంటే 17.5. దాన్ని 17.30 అని రాస్తే పాయింటు సుమారు 22 కిలోమీటర్లు దక్షిణానికి జరుగుతుంది. దీన్ని పట్టుకోవడం తేలికే. వందల వరుసలున్న కాలమ్‌లో బిందువు తర్వాతి మొదటి రెండు అంకెలు ఎక్కడా 59 దాటలేదంటే అవి నిమిషాలే అనుకోవాలి. దశాంశాలైతే 60 నుంచి 99 వరకూ తప్పకుండా కొన్ని కనిపిస్తాయి.

ఒక్క అంకె పొరపాటు కూడా చిన్నది కాదు. రాజమహేంద్రవరం రేఖాంశం దాదాపు 81.80. టైపు చేసేటప్పుడు అది 81.70 అయిందా, పాయింటు పదిన్నర కిలోమీటర్లు పడమరకు పోయి, గోదావరిని, కొవ్వూరును కూడా దాటి పడుతుంది. మ్యాపు మీద చూస్తే అది నేల మీదే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు.

కొన్ని జాబితాల్లో ఆసుపత్రి ఉన్న చోటు కాకుండా పిన్‌కోడు ప్రాంతపు మధ్యబిందువును కోఆర్డినేట్లుగా పెట్టేస్తారు. అప్పుడు నాలుగైదు కేంద్రాలు ఒకే బిందువు మీద కూర్చుంటాయి. షీటును రెండు కోఆర్డినేట్ల మీదా సార్ట్ చేసి ఒకేలా ఉన్న వరుసలను వెతకండి. వాటిని తీసేయడం కాదు, అసలు చోటు కనుక్కోవడం అవసరం.

ఫైలును సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' రకాన్నే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీగా చేస్తే తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. సున్నాతో మొదలయ్యే సెన్సస్ కోడ్లలో ముందున్న సున్నాను ఎక్సెల్ తినేస్తుంది. అందుకని ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చాలి.

సరిహద్దుల ఫైలు ఏ తేదీది?

దీన్ని చాలామంది అడగరు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఉమ్మడి తూర్పు గోదావరి నుంచి కాకినాడ, కోనసీమ జిల్లాలు వచ్చాయి. రంపచోడవరం వైపు మన్యం అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిసింది. కొవ్వూరు పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరికి మారింది. అంతకుముందు 2014లో పోలవరం ముంపు మండలాలు ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. 2011 సెన్సస్ మ్యాపును వాడితే అవన్నీ ఇంకా ఖమ్మంలోనే కనిపిస్తాయి.

కొత్త మ్యాపే ఎప్పుడూ సరైనదని కూడా కాదు. జత చేశాక జనాభా లెక్కను 2011 సెన్సస్ నుంచి తెచ్చి పక్కన పెట్టాలనుకుంటే సరిహద్దులు కూడా 2011వే కావాలి. ఏ తేదీ లెక్కతో పోలుస్తారో ఆ తేదీ సరిహద్దునే వాడాలి.

ఆంధ్రలో జిల్లాలు మారినప్పుడు మండలాలు చాలావరకు చెక్కుచెదరలేదు. అందుకే జిల్లా పాలిగాన్లతో (మూసి ఉన్న సరిహద్దు ఆకారాలతో) నేరుగా జత చేయడం కన్నా మండలంతో జత చేసి, ఆ మండలం ఏ జిల్లాదో విడి పట్టిక నుంచి తెచ్చుకోవడం మేలు. జిల్లాలు మళ్లీ మారితే పట్టికను సరిచేస్తే చాలు. తెలంగాణలో ఈ సౌకర్యం లేదు. 2016 అక్టోబరు 11న జిల్లాలతో పాటు మండలాలను కూడా విడగొట్టారు, 459 మండలాలు 584 అయ్యాయి. అక్కడ పాత మండలం నుంచి కొత్త మండలానికి ఒకటికొకటి పట్టిక కుదరదు, గ్రామం స్థాయికి దిగాల్సిందే.

సరిహద్దుల ఫైలులో మండలం పేరుతో పాటు కోడు కూడా ఉండాలి. కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడు కానీ, సెన్సస్ కోడు కానీ ఏదో ఒకటి. పేర్లను నమ్ముకుంటే దెబ్బ తినడం ఖాయం. రామచంద్రపురం పేరుతో గోదావరి వైపు ఒక మండలం, తిరుపతి వైపు ఒకటి, హైదరాబాద్ పక్కన ఇంకొకటి ఉన్నాయి. పోలవరం వేరు, కోనసీమలోని ఐ.పోలవరం వేరు.

లోడ్ చేయడం

క్యూజీఐఎస్‌లోకి తెచ్చిన ప్రతి ఫైలూ ఒక లేయర్ అవుతుంది. లేయర్ మెనూలో యాడ్ లేయర్, అందులో యాడ్ డీలిమిటెడ్ టెక్స్ట్ లేయర్ తెరవండి. ఫైలును చూపించి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూడండి. ఎక్స్ ఫీల్డ్‌లో రేఖాంశం, వై ఫీల్డ్‌లో అక్షాంశం రావాలి. మనం మాటల్లో అక్షాంశ రేఖాంశాలు అంటాం కాబట్టి చేయి అలవాటుగా తారుమారు చేస్తుంది. అలా చేస్తే గోదావరి జిల్లాల పాయింట్లన్నీ నార్వేకు ఉత్తరాన, స్వాల్‌బార్డ్ దీవుల అవతల మంచు సముద్రంలో తేలతాయి. ఆఫ్రికా పడమటి తీరం పక్కన సముద్రంలో ఒక చుక్క కనిపిస్తే ఆ వరుసల్లో రెండు కోఆర్డినేట్లూ సున్నా అని అర్థం.

సీఆర్‌ఎస్ (కోఆర్డినేట్ల కొలత పద్ధతి) దగ్గర ఈపీఎస్‌జీ:4326 అనే కోడు ఎంచుకోండి. ఫోన్లు, జీపీఎస్ పరికరాలు ఇచ్చే డబ్ల్యూజీఎస్ 84 కోఆర్డినేట్లకు అదే సరి. యాడ్ నొక్కాక లేయర్ పేరు మీద కుడి క్లిక్ చేసి షో ఫీచర్ కౌంట్ పెట్టండి. షీటులోని వరుసల సంఖ్యతో అది సరిపోలాలి. కోఆర్డినేట్లు లేని వరుసలు మ్యాపుకు ఎక్కవు, వాటి సంఖ్య విడిగా రాసుకోండి.

సరిహద్దుల ఫైలును లాగి వదిలితే సరిపోతుంది. అది షేప్‌ఫైల్ (మ్యాపులకు వాడే ఒక ఫైలు రకం) అయితే .పీఆర్‌జే ఫైలు పక్కనే ఉండాలి. అది లేకపోతే లేయర్ పేరు పక్కన ప్రశ్నార్థకం గుర్తు వస్తుంది. అంటే ఆ అంకెలు ఏ కొలత పద్ధతివో సాఫ్ట్‌వేర్‌కు తెలియదన్నమాట.

సెట్ లేయర్ సీఆర్‌ఎస్ వేరు, రీప్రొజెక్ట్ లేయర్ వేరు. ఈ రెంటి దగ్గరే ఎక్కువ మంది బోల్తా పడతారు. మొదటిది ఈ అంకెలు ఫలానా పద్ధతివి అని చెబుతుందే తప్ప అంకెలను ముట్టుకోదు. రెండోది అంకెలనే కొత్త పద్ధతిలోకి లెక్కగట్టి మార్చి కొత్త లేయర్ ఇస్తుంది. మీటర్లలో ఉన్న సరిహద్దుకు సెట్ లేయర్ సీఆర్‌ఎస్‌తో 4326 అంటగడితే అది ఎక్కడికో ఎగిరిపోతుంది, ఒక్క పాయింటు కూడా జత కాదు. రెండు లేయర్లకూ సీఆర్‌ఎస్ సరిగ్గా చెప్పి ఉంటే, అవి వేర్వేరుగా ఉన్నా జత చేసే టూలు తానే మార్చుకుంటుంది. తప్పు చెప్పి ఉంటే మాత్రం ఏ టూలూ కాపాడలేదు.

పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ల నుంచి గీసిన సరిహద్దులతో ఇంకో చిక్కు ఉంది. అవి ఎవరెస్ట్ డేటమ్ మీద ఆధారపడినవి. డేటమ్ అంటే అక్షాంశ రేఖాంశాలను లెక్కించడానికి ఆధారంగా తీసుకున్న భూమి నమూనా. డబ్ల్యూజీఎస్ 84 అని పొరపాటుగా రాసి ఉంటే గీతలన్నీ మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా పక్కకు జరిగి కనిపిస్తాయి. బ్రౌజర్ ప్యానెల్‌లోని ఎక్స్‌వైజెడ్ టైల్స్ నుంచి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను కింద పరచి, తీరం గీత, నది ఒడ్డు కలుస్తున్నాయో లేదో చూడండి. అన్నీ ఒకే దిక్కుకు, ఒకే దూరం జరిగి ఉంటే అది డేటమ్ తేడా. ఒక్కోచోట ఒక్కోలా ఉంటే గీసినవారి చేతి తేడా.

పాలిగాన్లను బాగుచేయడం

ప్రాసెసింగ్ టూల్‌బాక్స్ తెరిచి (కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే అది వస్తుంది) చెక్ వాలిడిటీ నడపండి. తమను తామే కోసుకున్న గీతలున్న పాలిగాన్లు విడి లేయర్‌గా బయటపడతాయి. వాటిని ఫిక్స్ జామెట్రీస్ బాగుచేస్తుంది. బాగుచేశాక పాలిగాన్ల సంఖ్య, ఒక్కోదాని వైశాల్యం ముందూ తర్వాతా పోల్చండి.

మామూలుగా క్యూజీఐఎస్ చెడిన పాలిగాన్ కనిపిస్తే ఆగిపోయి ఎర్ర అక్షరాల్లో చెబుతుంది. దాన్ని వదిలించుకోవడానికి సెట్టింగుల్లో చెడినవాటిని వదిలేయమని పెట్టొద్దు. వదిలేస్తే ఆ మండలం మొత్తం లెక్కలోంచి పోతుంది, అందులోని ఆసుపత్రులన్నీ అనాథలవుతాయి.

పక్కపక్క మండలాల మధ్య సన్నని ఖాళీలు, ఒకదానిమీదొకటి ఎక్కిన పట్టీలు కూడా ఉంటాయి. టోపాలజీ చెకర్ ప్లగిన్‌లో పాలిగాన్లు ఒకదానిమీదొకటి ఎక్కకూడదు, మధ్యలో ఖాళీ ఉండకూడదు అనే రెండు నియమాలు పెట్టి నడిపితే అవి బయటపడతాయి. అన్నిటినీ సరిదిద్దనక్కర్లేదు. పాయింట్లు ఉన్నచోట్ల చూస్తే చాలు.

జత చేయడం

టూల్‌బాక్స్‌లో జాయిన్ ఆట్రిబ్యూట్స్ బై లొకేషన్ వెతికి తెరవండి.

1. జాయిన్ టు ఫీచర్స్ ఇన్ అన్నచోట ఆరోగ్య కేంద్రాల లేయర్ ఇవ్వండి. బై కంపేరింగ్ టు అన్నచోట మండలాల లేయర్. ఇవి తిరగబడితే ఫలితం పాలిగాన్లుగా వస్తుంది.
2. సంబంధాల్లో ఇంటర్‌సెక్ట్ ఒక్కటే టిక్ చేయండి.
3. ఫీల్డ్స్ టు యాడ్ దగ్గర మండలం కోడు, పేరు మాత్రమే ఎంచుకోండి. ప్రిఫిక్స్‌గా 'మం_' లాంటిది పెడితే షీటులో ముందే ఉన్న మండలం కాలమ్‌తో కలగాపులగం కాదు.
4. జాయిన్ టైప్‌లో జత అయిన ప్రతిదానికీ వేరే వరుస ఇచ్చే రకం, అంటే ఒకటికి అనేకం, ఉంచండి.
5. జత కానివాటిని పారేయమనే డిస్కార్డ్ పెట్టె ఖాళీగానే ఉండాలి.
6. కింద అన్‌జాయినబుల్ ఫీచర్స్ అనే అవుట్‌పుట్‌ను కూడా ఆన్ చేసి రన్ నొక్కండి.

విథిన్ వదిలి ఇంటర్‌సెక్ట్ ఎందుకంటే, సరిగ్గా గీత మీద పడిన పాయింటును విథిన్ ఏ మండలంలోనూ లేనట్టు చూపిస్తుంది. ఇంటర్‌సెక్ట్ రెండు మండలాల్లోనూ ఉన్నట్టు చూపిస్తుంది. మొదటి జతనే తీసుకునే రకం ఎంచుకుంటే టూలు రెంటిలో ఒకదాన్ని మీకు చెప్పకుండా తీసుకుంటుంది, పాలిగాన్లు ఒకదానిమీదొకటి ఎక్కినచోటా అంతే. ఏ పాయింటు దగ్గర సందేహముందో మనకు తెలియాలి కాబట్టి తొలిసారి ఒకటికి అనేకమే సరి.

పాయింట్లు లక్షల్లో ఉంటే ముందుగా రెండు లేయర్లకూ క్రియేట్ స్పేషియల్ ఇండెక్స్ నడపండి, వెతుకులాట వేగంగా సాగుతుంది. కొన్ని వందలే అయితే అవసరం లేదు.

మిగిలినవి, రెట్టింపైనవి

టూలు ముగిశాక లాగ్‌లో ఎన్ని జత అయ్యాయో, ఎన్ని కాలేదో రాసి ఉంటుంది. ఆ రెంటి మొత్తం మీ పాయింట్ల సంఖ్యకు సరిపోవాలి. తర్వాత స్టాటిస్టిక్స్ బై కేటగరీస్ టూలును సీరియల్ నంబరు మీద నడిపితే ఏ నంబరు ఒకటికి మించి వచ్చిందో తేలుతుంది. అవే రెట్టింపైన పాయింట్లు. ఉపగ్రహ చిత్రం మీద ఆ చోటును చూసి, ఊరి పేరును బట్టి సరైన మండలాన్ని చేత్తో ఉంచి, రెండో వరుస తీసేయండి.

జత కానివాటిలో కొన్ని తీరం వెంట ఉంటాయి. అంతర్వేది వైపు ఇసుక తిన్నెల ఆకారం ఏళ్లు గడిచేకొద్దీ మారుతుంది, మ్యాపులోని తీరం గీత మారదు. కొన్ని నదిలో ఉంటాయి. గోదావరిని ఏ మండలానికీ చేర్చకుండా ఖాళీగా వదిలేసిన ఫైలైతే లంకలు కూడా ఆ ఖాళీలో కలిసిపోయి ఉండవచ్చు. ఇంకొన్ని యానాంలో ఉంటాయి. అవి జత కాకపోవడం తప్పు కాదు, అదే సరైన జవాబు. యానాం పుదుచ్చేరికి చెందిన జిల్లా, ఆంధ్ర మండలాల ఫైలులో అది ఒక రంధ్రంలా ఉండాలి.

ఇలాంటి వాటికి జాయిన్ ఆట్రిబ్యూట్స్ బై నియరెస్ట్ వాడతారు. ముందుగా జత కాని పాయింట్లను రీప్రొజెక్ట్ లేయర్‌తో ఈపీఎస్‌జీ:32644లోకి మార్చండి. అది యూటీఎం 44 ఉత్తర జోన్, 78 నుంచి 84 డిగ్రీల రేఖాంశం వరకు, మీటర్లలో ఉంటుంది. మార్చకపోతే టూలు దూరాన్ని డిగ్రీల్లో లెక్కిస్తుంది. మీరు 500 మీటర్లు అనుకుని 500 అని రాస్తే అది 500 డిగ్రీలు అవుతుంది. గోదావరి జిల్లాలకు 44 సరిపోతుంది కానీ అనంతపురం, నారాయణపేట 43లో పడతాయి, ఇచ్ఛాపురం 45లో పడుతుంది.

మాగ్జిమమ్ నియరెస్ట్ నెయిబర్స్ 1, మాగ్జిమమ్ డిస్టెన్స్ 500 ఇవ్వండి. ఫలితంలో దూరం కాలమ్ వస్తుంది. తీరం దగ్గర వంద మీటర్ల లోపు ఉన్నవాటిని నిశ్చింతగా ఒప్పుకోవచ్చు. వంద నుంచి 500 వరకు ఉన్నవాటిని చిత్రం మీద చూసి తేల్చుకోవాలి. అంతకన్నా దూరమైతే కోఆర్డినేట్లే తప్పని భావించి మూలానికి వెళ్లాలి. ఈ టూలును కళ్లు మూసుకుని వాడితే యానాం ఆసుపత్రి పక్కనున్న తాళ్లరేవు మండలానిది అయిపోతుంది. లంక విషయంలోనూ దగ్గరి ఒడ్డు మండలమే దాని మండలమన్న నియమం లేదు. అక్కడ రెవెన్యూ గ్రామాన్ని చూడాలి.

తప్పుగా జత అయినవి

ఏ జాబితాలోకీ రాని తప్పులు ఇవి. పాయింటు ఒకే మండలంలో చక్కగా పడింది, కానీ అది దాని మండలం కాదు. మీ షీటులో ముందునుంచీ మండలం పేరుంటే అదే మంచి సాక్షి. పాత పేరును, కొత్తగా వచ్చిన పేరును పక్కపక్కన పెట్టి తేడా ఉన్న వరుసలను మాత్రమే చూడండి. సగం స్పెల్లింగు తేడాలే ఉంటాయి. మిగిలినవాటిలో పొరుగు మండలాలు కనిపిస్తే అంచు సమస్య, చాలా దూరపు మండలం కనిపిస్తే టైపింగు తప్పు.

పాత పేరు లేకపోతే అంచుకు దగ్గరగా ఉన్న పాయింట్లకైనా గుర్తు పెట్టాలి. 1:50,000 స్కేలు మ్యాపు నుంచి గీసిన గీతలో అర మిల్లీమీటరు తేడా అంటే నేల మీద 25 మీటర్లు. దానికి ఫోను జీపీఎస్ తేడా కలుస్తుంది. అందుకని పాలిగాన్స్ టు లైన్స్‌తో సరిహద్దులను గీతలుగా మార్చి, 32644లోని పాయింట్లన్నిటినీ ఆ గీతలతో నియరెస్ట్ పద్ధతిలో 100 మీటర్ల హద్దుతో జత చేయండి. దూరం వచ్చినవన్నీ సందేహమున్న పాయింట్లు. 'అంచు' అనే కాలమ్‌లో అవును అని రాసి ఉంచితే తర్వాత ఆ డేటా వాడేవారికి ఎంతో మేలు.

లెక్క, దాచడం

మండలానికి ఎన్ని కేంద్రాలున్నాయో కావాలంటే వెక్టర్ మెనూలోని అనాలిసిస్ టూల్స్‌లో కౌంట్ పాయింట్స్ ఇన్ పాలిగాన్ ఉంది. అయితే అది మీరు చేత్తో చేసిన దిద్దుబాట్లను ఎరగదు, మళ్లీ కోఆర్డినేట్లనే చూస్తుంది. సరిదిద్దిన పట్టిక మీద మండలం కోడు వారీగా లెక్కించడమే సరి. సున్నా వచ్చిన మండలాలను ప్రత్యేకంగా చూడండి. ఒక మండలంలో ఒక్క ఆరోగ్య కేంద్రమూ లేదంటే పాలిగానో, పాయింటో తప్పయ్యే అవకాశమే ఎక్కువ. ఒకే మండలం రెండు మూడు ముక్కలుగా, విడి వరుసలుగా ఉన్న ఫైళ్లలో కూడా ఇలా సున్నాలు వస్తాయి. అప్పుడు మండలం కోడు మీద డిజాల్వ్ చేయాలి, అంటే ఒకే కోడు ఉన్న ముక్కలను ఒకటిగా కలపాలి.

ఫలితాన్ని షేప్‌ఫైల్‌గా కాకుండా జియోప్యాకేజ్ అనే ఫైలు రకంలో దాచండి. షేప్‌ఫైల్ కాలమ్ పేరుకు పది బైట్లే ఇస్తుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతం గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి కాబట్టి 'మండలం' అన్న చిన్న మాట కూడా అందులో పట్టదు.

ఇదే పని నెలనెలా చేయాల్సి వస్తే స్క్రిప్టు రాసుకోవడం మంచిది. పైథాన్ భాషలోని జియోపాండాస్ లైబ్రరీలో ఎస్‌జాయిన్ ఫంక్షన్ ఉంది. దాని హౌ విలువ మామూలుగా 'ఇన్నర్', అంటే జత కాని పాయింట్లు చప్పుడు లేకుండా రాలిపోతాయి. అక్కడ తప్పకుండా 'లెఫ్ట్' అని ఇవ్వాలి. సీఆర్‌ఎస్ తేడా ఉంటే అది క్యూజీఐఎస్‌లా మార్చుకోదు, ఒక హెచ్చరిక ఇచ్చి అలాగే నడుస్తుంది, కాబట్టి ముందు టూ_సీఆర్‌ఎస్‌తో మీరే మార్చాలి. మ్యాపు డేటాను డేటాబేసులో ఉంచే పోస్ట్‌జీఐఎస్ ఇంకా కచ్చితం. రెండు లేయర్ల ఎస్‌ఆర్‌ఐడీలు (సీఆర్‌ఎస్ నంబర్లు) వేరైతే అసలు నడవకుండా ఎర్రర్ ఇస్తుంది. అక్కడ కూడా లెఫ్ట్ జాయినే వాడి, మండలం కోడు ఖాళీగా వచ్చిన వరుసలను ప్రతిసారీ విడి పట్టికలోకి రాసే ఆదేశం స్క్రిప్టులోనే పెట్టండి. చేత్తో చేసిన దిద్దుబాట్లను సీరియల్ నంబరు, సరైన మండలం కోడు, కారణం అనే మూడు కాలమ్‌ల ఫైలులో ఉంచి, జత చేశాక దాన్ని చివర్లో కలిపితే వచ్చే నెల అదే లంక కోసం మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.